ముద్రారాక్షసం

పదమూడు కథలు. అన్నీ ప్రేమలే.
ప్రతిదాంట్లో ఒక దెయ్యమో, ఒక మంత్రమో,
కొన్నిట్లో రెండూ.
ప్రూఫులు దిద్దమని పంపారు.

కురుపాం మార్కెట్ వెనక మేడమీద గది.
కిటికీ తీస్తే కాగితాల మీద పోర్టు దుమ్ము,
మూస్తే ఉక్క.
పేజీకి పన్నెండు రూపాయలు,
దెయ్యాలకి వేరే రేటు లేదు.

మొదటి కథలో భీమిలి డచ్చి సమాధుల దగ్గర
పేరు అరిగిపోయిన రాతి చుట్టూ ఉప్పు పోసి
ఒక పిల్ల "రమ్ము" అంటుంది.
అచ్చులో "రాము" అని పడింది.
పిలిచిందీ తనే, రానన్నదీ తనే అన్నట్టు.
దిద్దాను.

మూడో కథలో సింహాచలం మెట్ల మీద
సంపెంగలమ్మే కుర్రాడు పూల మీద ఊది
"నా వెంట నడువు" అనాలి.
"నా వంట నడువు" అంటున్నాడు.
ఎత్వం ఒక్కటి ఎగిరిపోయి
వశీకరణం వంటింట్లో పడింది.
నవ్వుకుని దిద్దాను.

ఐదో కథలో చిల్లంగి తెలిసిన ముసలామె
కంచరపాలెం రైలు క్వార్టర్స్‌లో దీపమార్పి
చచ్చిపోయిన మొగుణ్ణి "నన్ను తలచు" అని వేడుకుంటే
"నన్ను తొలచు" అని ఉంది.
ఈసారి వెంటనే దిద్దలేకపోయాను.

సంపాదకురాలికి ఫోన్ చేశాను.
"మా కంప్యూటర్లో సరిగ్గానే ఉందండీ" అంది.
నా బల్లమీదే తప్పు.

ఇలా గుర్తులు దొంగిలించే చెయ్యి
నాకు ఒకటే తెలుసు.

సీసం అక్షరాల రోజుల్లో
కింద గదిలో గవర్రాజు కంపోజింగ్,
పైగదిలో నేను.
కిరసనాయిలు వాసనేసే వేళ్ళతో
లోకాన్నంతా తిరగేసి చదివేవాడు,
కుడి నుంచి ఎడమకి, అద్దంలోలా.
పెళ్ళి శుభలేఖల్లో కూడా తప్పులే.
ప్రూఫు పట్టుకుని ధడధడా దిగి
"కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" అంటే
తలెత్తకుండా అనేవాడు,
"తప్పు నేకపోతే నువ్ మెట్లు దిగవు గదేటి."

పదకొండేళ్ళు దిగాను.
అంతకు మించి ఒక్క మాట
ఇద్దరం కంపోజ్ చెయ్యలేదు.

కేజీహెచ్‌లో ఊపిరితిత్తుల వార్డు.
తర్వాత సీసాన్ని కిలోల లెక్కన అమ్మేశారు,
అ నుంచి ఱ దాకా ఒకే గోనెలో.
ఆ తర్వాత హుద్‌హుద్ వచ్చి
ప్రెస్సు కప్పు కూడా పట్టుకుపోయింది.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
పదకొండో కథలోని మంత్రాన్ని
దిద్దకుండా, తప్పులతోనే
పైకి చదివాను.
హార్బర్లో ఏదో ఓడ ఒక్కసారి కూసి ఊరుకుంది.
గదిలో కిరసనాయిలు వాసన.
నా ఇంట్లో కిరసనాయిలు కొని ఎన్నేళ్ళయిందో.

తెల్లారి చూస్తే
కిటికీ అద్దం మీది నల్లదుమ్ములో
వేలితో రాసిన వంకర గీతలు.
బొట్టు పెట్టుకునే చేతి అద్దం
ఎదురుగా పట్టి చదివాను.

*మెట్లు దిగొద్దు. నానే వచినాను.*

చ కింద వత్తు లేదు.
వేలు దానంతటదే లేచింది
(ముప్ఫై ఏళ్ళ అలవాటు),
గాజు దాకా వెళ్ళి
ఆగింది.

ఆఖరి కథలో, నూట నలభై మూడో పేజీలో,
ప్రేమించిన దెయ్యాన్ని సాగనంపే మంత్రముంది.
నిమ్మకాయ కోసి, కళ్ళు మూసుకుని
"పొమ్ము" అనాలి ఆ అమ్మాయి.
"పోము" అని పడింది.

కట్ట మొత్తం దిద్ది పంపేశాను.
అదొక్కటీ అలాగే ఉంది.
పుస్తకం చదివి ఎవరైనా ఉత్తరం రాస్తే
తప్పొప్పుల పట్టికలో చేర్చకండి.
మంత్రం పారలేదని తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

కిటికీ ఇంకా తుడవలేదు.
బిల్లులో
ఆ పేజీకి డబ్బు వెయ్యలేదు.